చెట్టు చూసినవా?

అబిడ్స్‌లో ఆదివారం షాపులు బంద్. బట్టల షాపులు, చెప్పుల షాపులు, వాచీల షాపులు దాదాపు అన్నీ షట్టర్లు దించేసి ఉంటాయి. ఆ మూసిన షట్టర్ల ముందే ఫుట్‌పాత్ మీద సెకండ్ హ్యాండ్ పుస్తకాలు పరిచి అమ్ముతారు. మనలో సగం మంది ఏదో ఒక ఎంసెట్ గైడ్ అక్కడ కొనే ఉంటారు. మిగతా ఆరు రోజులు కాలు పెట్టడానికి చోటు దొరకని ఆ రోడ్డు మీద ఆదివారం పొద్దున ఏడింటికి నిలబడి చూస్తే, జీపీఓ బిల్డింగ్ ఇంత పెద్దదా అనిపిస్తుంది.

మా నలుగురికీ వారం అంటే ఆ ఆదివారమే. దానికి కారణం డిస్‌ప్లే గాడు.

అసలు పేర్లు రాస్తే తంతామన్నారు కాబట్టి గల్లీ పేర్లే రాస్తున్నా. డిస్‌ప్లే జగదీష్ మార్కెట్‌లో ఒక మొబైల్ రిపేర్ షాపులో పని చేస్తాడు. పదో తరగతి అయిపోగానే చేరాడు. పగిలిన డిస్‌ప్లేలు మార్చడంలో వాడి చెయ్యి తిరిగింది కాబట్టి ఆ పేరు. స్వామి ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక. ప్రతి సంవత్సరం అయ్యప్ప మాల వేస్తాడు, మిగతా పది నెలలు మాత్రం వాడిని స్వామి అని పిలవడానికి మాకే సిగ్గేస్తుంది. లెక్కలు బీకామ్. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఎవడు ఎన్ని సమోసాలు తిన్నాడో కూడా రాస్తాడు. ఫోన్‌లో యాప్ ఉంది కదరా అంటే, "యాప్‌లో ఎవడైనా డిలీట్ కొడ్తడు, పెన్నుతో రాసింది ఎవడు డిలీట్ కొడ్తడు?" అంటాడు. నా పేరు ఇంగ్లీష్. మా గల్లీలో టై కట్టుకుని స్కూలుకి పోయినవాడిని నేనొక్కడినే. క్రికెట్‌లో ఔటైతే కూడా ఇంగ్లీషులో గొడవ పడేవాణ్ణంట. నాకైతే గుర్తులేదు.

మా తిరుగుళ్ళు మొదలైంది నాంపల్లి స్టేషన్‌లో. అది ఎండు స్టేషన్, పట్టాలు అక్కడితో అయిపోతాయి. బోర్డు మీద హైదరాబాద్ దక్కన్ అని ఉంటుంది, ఆటోవాళ్ళకి మాత్రం ఎప్పటికీ నాంపల్లే. ఎనిమిదో తరగతిలో పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ ఒక్కటే కొని, ఒకడు కొన్నట్టు నలుగురం లోపలికి దూరేవాళ్ళం (ఇది గొప్పగా చెప్పట్లేదు). సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ కదిలేటప్పుడు పెట్టెల మీద ఊళ్ళ పేర్లు చదివేవాళ్ళం. తెలుగులో ఉన్నవి వాళ్ళు చదివేవాళ్ళు, ఇంగ్లీషులో ఉన్నవి నేను. రెండూ ఒకే ఊరని తర్వాత తెలిసేది. నాకు తెలుగు గబగబా చదవడం వచ్చిందంటే సగం ఆ పెట్టెల వల్ల, సగం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పది రూపాయల పాత వారపత్రికల వల్ల.

మొదటి అసలు ట్రిప్ మాత్రం సైకిళ్ళ మీద. పదో తరగతి పరీక్షలు అయిపోయిన వారం. నాంపల్లి నుంచి మెహదీపట్నం, అక్కడి నుంచి గోల్కొండ వైపు. కోట లోపలికి టికెట్ కొనడానికి డబ్బుల్లేక నయా ఖిల్లాకి పోయాం. ఔరంగజేబు మొదటిసారి దండెత్తి వచ్చిపోయాక కుతుబ్‌షాహీలు కోటని పెంచి కట్టిన భాగం అది. అక్కడ ఒక బావోబాబ్ చెట్టుంది. హతియాన్ కా ఝాడ్ అంటారు, అంటే ఏనుగు చెట్టు. చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. బూడిద రంగు తోలు, ముడతలు, లావుపాటి కాళ్ళు. వయసు నాలుగొందల ఏళ్ళ పైనే అంటారు, ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి. దాని కడుపులో పెద్ద బొరియ ఉంది, ఒకప్పుడు దొంగలు దాక్కునేవాళ్ళని కథ. చుట్టుకొలత ఇరవై ఏడు మీటర్ల దాకా ఉంటుంది. మేం నలుగురం చేతులు పట్టుకుని చెట్టుని చుట్టబోతే పావు వంతు కూడా రాలేదు. లెక్కలు అప్పుడే నోట్‌బుక్ తీసి, ఇంకా పన్నెండు మంది దోస్తులు కావాలని రాశాడు. ఆ పేజీ ఇప్పటికీ వాడి దగ్గరుంది.

ఆ తర్వాత నెలకే డిస్‌ప్లే షాపులో చేరాడు. వాళ్ళ నాన్నకి ఆరోగ్యం బాగాలేదు, అంతకంటే వివరాలు అనవసరం. వాడికి సెలవు ఆదివారం ఒక్కటే. అందుకని మా ట్రిప్పులన్నీ పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చేసేవే. శ్రీశైలం అనుకుంటాం, అనంతగిరి పోతాం. గోవా అనుకుంటాం, బీదర్ పోతాం. మీరంతా ఇన్‌స్టాలో గోవా బోర్డు ముందు ఫోటోలు పెట్టుకోండి, మాకు చేవెళ్ళ ఇడ్లీ బండి చాలు.

అనంతగిరి ట్రిప్ ఇంటర్ అయిపోయిన ఎండాకాలంలో. రెండు బళ్ళు: స్వామి వాళ్ళ నాన్న స్ప్లెండర్, డిస్‌ప్లే వాళ్ళ ఓనర్‌ని బతిమాలి తెచ్చిన ఇంకో బండి. అప్పటికి లైసెన్స్ ఉన్నది వాళ్ళిద్దరికే. అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్ దగ్గరకొచ్చేసరికి రోడ్డుకి రెండు వైపులా మర్రిచెట్లు. నిజాం కాలంలో నాటినవని చెప్తారు. రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టేస్తారంటే, 2019 నుంచి జనం వాటిని కాపాడాలని కొట్లాడుతున్న సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసిందల్లా ఒక్కటే. మే నెల ఎండలో బండి మీద పోతుంటే, చెట్టు కిందకొచ్చినప్పుడల్లా మెడ మీద చల్లటి నీళ్ళు పోసినట్టు ఉంటుంది. మళ్ళీ ఎండ. మళ్ళీ చెట్టు. స్వామి ప్రతి చెట్టు కిందా బండి స్లో చేసేవాడు, వెనకాల డిస్‌ప్లే హారన్ కొట్టేవాడు.

అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుందని మీకందరికీ తెలిసే ఉంటుంది. మేం మాత్రం అక్కడ బోర్డు చూసే తెలుసుకున్నాం. మేం రోజూ ముక్కు మూసుకుని దాటే నయాపూల్ కింది నది ఇదేనా అని నలుగురం కాసేపు నమ్మలేదు. "ఇది ఇక్కడనే ఉంటే బాగుపడుతుండె. అబిడ్స్ దిక్కు రానే వద్దుండె" అన్నాడు డిస్‌ప్లే.

ఆ రోజు ఖర్చు లెక్కలు నోట్‌బుక్‌లో ఇలా ఉంది: పెట్రోల్ 640, టిఫిన్ 220, మధ్యాహ్నం భోజనం 480, నిమ్మకాయ సోడాలు 80. మొత్తం 1,420. డిస్‌ప్లే 1,000, మిగిలినవాళ్ళు తలా 140. అప్పటికి వాడి జీతం నెలకి తొమ్మిది వేలు. సమానంగా పంచుదామని నేనంటే వాడు వినలేదు. "సంపాయించెటోడు పెట్రోల్, సదువుకునెటోడు సోడా. మీరు జాబ్‌లల్ల చేరినంక తిరగేద్దాం" అన్నాడు. ఆ రూల్ అప్పటినుంచి అలాగే నడిచింది. అందులో వింతేమీ మాకు కనపడలేదు.

నాకు కనపడాల్సింది ఇంకోటి ఉంది. ఇంజినీరింగ్‌లో చేరాక నాకు ఇంకో రకం స్నేహితులు దొరికారు. మంచోళ్ళే. వాళ్ళ గురించి ఒక్క చెడ్డ మాట కూడా రాయలేను. కానీ వాళ్ళ దగ్గర నేను "మా ఇల్లు అబిడ్స్" అనకుండా "సెంట్రల్ హైదరాబాద్" అనడం మొదలుపెట్టా. ఎవరూ అడగలేదు, నాకు నేనే మొదలుపెట్టా. అబిడ్స్ అనే పేరే ఒక షాపు నుంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ ఇక్కడ ఒక షాపు పెట్టాడు. ఆబిద్స్ కాస్తా అబిడ్స్ అయింది. ఈ కథ డిస్‌ప్లేకి చాలా ఇష్టం. "నిజాం పేరు పెట్టలే సూడు, కౌంటర్ల కూసున్నోని పేరు పెట్టిన్రు" అని కనీసం యాభైసార్లు చెప్పి ఉంటాడు. దాన్ని నేను సెంట్రల్ హైదరాబాద్ చేశానన్నమాట.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం నాగార్జునసాగర్ పోదామని అనుకున్నాం. నాంపల్లి నుమాయిష్ అప్పుడే అయిపోయింది, ఎండలు ఇంకా ముదరలేదు. నూటయాభై కిలోమీటర్లు, పొద్దున ఐదింటికి బయల్దేరితే రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉంటాం. డిస్‌ప్లే ఓనర్‌ని బండి అడిగి పెట్టాడు. గురువారం మా క్లాస్‌మేట్ ఒకడు, "సండే గోల్ఫ్‌కి వస్తావా, నాన్న తీసుకెళ్తున్నారు, నేనొక్కడినే బోర్" అన్నాడు. ఎక్కడంటే గోల్కొండ పక్కన, నయా ఖిల్లా గోల్ఫ్ కోర్స్.

నేను వస్తా అన్నా. ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించా. గోల్ఫ్ మీద ఇష్టమా? నాకు గోల్ఫ్ అంటే చిన్నప్పుడు కంప్యూటర్‌లో ఆడిన గేమ్ ఒక్కటే తెలుసు. పిలిచారు, అంతే. పిలిచినవాళ్ళలో ఒకడిగా ఉండాలనిపించింది. శనివారం రాత్రి గ్రూప్‌లో మెసేజ్ పెట్టా: "సారీ రా, సోమవారం ల్యాబ్ రికార్డ్ సబ్‌మిషన్, రాలేను." ముగ్గురూ ఓకే అన్నారు. డిస్‌ప్లే ఒకడు "సదువుకో సదువుకో" అని పెట్టాడు.

గోల్ఫ్ గురించి నిజం చెప్పాలి: చాలా బాగుంది. కోపంగా రాద్దామనుకున్నా కానీ రాయలేకపోతున్నా. ఊరి మధ్యలో అంత పచ్చదనం, అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ చూడలేదు. గడ్డి అవతల పాత కోట గోడలు, వాటి మీద నెమలి కూత. సామాను మోసే కాడీ అన్నకి యాభై ఏళ్ళుంటాయి, ఉర్దూలో మాట్లాడతాడు. నా చేతికి సెవెన్ ఐరన్ ఇచ్చి, వేళ్ళు ఎలా పట్టుకోవాలో సర్ది, "బంతిని కొట్టకు బేటా, గడ్డిని ఊడ్చు" అన్నాడు. మొదటిసారి గాలిని కొట్టా. రెండోసారి గడ్డి పెల్ల లేచి బంతి కంటే దూరం పోయింది. ఆరోసారో ఏడోసారో తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. చేతికి ఏమీ తెలియదు, బంతి మాత్రం పోతూనే ఉంటుంది.

బంతి మీద గుంతలు ఎందుకో మా క్లాస్‌మేట్ వాళ్ళ నాన్నగారు చెప్పారు. మొదట్లో నున్నటి బంతులే వాడేవారట, వాడి వాడి గీతలు పడ్డ పాత బంతులే ఎక్కువ దూరం పోతున్నాయని ఆడేవాళ్ళు గమనించారట. గుంతలున్న బంతి చుట్టూ గాలి పొర ఇంకాసేపు అంటుకుని ఉంటుంది, వెనక్కి లాగే బలం తగ్గుతుంది. అందుకే నున్నటి బంతితో పోలిస్తే దాదాపు రెట్టింపు దూరం పోతుంది. ఇంకోటి హ్యాండిక్యాప్. బాగా ఆడేవాడూ కొత్తవాడూ కలిసి ఆడాలంటే, కొత్తవాడికి కొన్ని దెబ్బలు మాఫీ చేస్తారు. ఒకడి హ్యాండిక్యాప్ 5, ఇంకొకడిది 23 అనుకోండి, తేడా 18. అంటే పద్దెనిమిది హోల్స్‌లో ఒక్కో హోల్‌కి ఒక్కో దెబ్బ కొత్తవాడి లెక్కలోంచి తీసేసి అప్పుడు పోలుస్తారు. "లేకపోతే ఎప్పుడూ ఒకేలాంటివాళ్ళతోనే ఆడుకోవాలి కదా" అన్నారాయన. మంచి మాట. నాకు లెక్కలు గాడి నోట్‌బుక్ గుర్తొచ్చింది. పెట్రోల్, సోడా.

అప్పుడే చెట్టు కనపడింది. దూరంగా, మిగతా చెట్ల కంటే ఎత్తుగా, ఆకుల్లేకుండా, వేళ్ళు పైకి పెట్టి తలకిందులుగా పాతినట్టు. మా క్లాస్‌మేట్ అటు చూసి, "అదే ఆ ఫేమస్ ట్రీ. నువ్వెప్పుడైనా వచ్చావా ఇక్కడికి?" అన్నాడు.

"లేదు" అన్నా.

అది అనడానికి నాకు ఒక సెకను కూడా పట్టలేదు. వచ్చానంటే సైకిళ్ళ గురించి చెప్పాలి, టికెట్‌కి డబ్బుల్లేక కోట బయట తిరిగిన సంగతి చెప్పాలి, ఎవరితో వచ్చావంటే డిస్‌ప్లే గురించి చెప్పాలి. ఇవన్నీ ఆ సెకనులోనే ఆలోచించానని కాదు. ఏమీ ఆలోచించకుండానే లేదన్నా. తర్వాత లైమ్ సోడా తాగాం, కారులో మెట్రో దాకా దింపారు. చెట్టు దగ్గరికి మాత్రం పోలేదు.

ఇంటికొచ్చేసరికి ఏడైంది. నా టేబుల్ మీద ఒక పుస్తకం ఉంది. సీ లాంగ్వేజ్ మీద లావుపాటి పుస్తకం, టర్బో సీ నీలం స్క్రీన్ కాలం నాటి పాత ఎడిషన్. లోపల మొదటి పేజీ మీద పెన్సిల్‌తో 80 అని రేటు. అమ్మ చెప్పింది: మధ్యాహ్నం డిస్‌ప్లే వచ్చాడట. నేను రానన్నానని వాళ్ళు సాగర్ ప్రోగ్రామే మానేశారు. వాడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద తిరుగుతుంటే ఈ పుస్తకం కనపడిందట, "వానికి ల్యాబ్ ఉన్నది కద ఆంటీ, పనికొస్తదేమో" అని తెచ్చాడట.

"నువ్వేమన్నావమ్మా?"

"ల్యాబ్ ఏంది, గోల్ఫ్ ఆడనీకి గోల్కొండ పోయిండు బేటా అన్న. ఎందుకు, చెప్పొద్దా?"

అమ్మకి నేను నిజమే చెప్పి వెళ్ళా. వాళ్ళకి వేరేది చెప్పానని ఆమెకెలా తెలుస్తుంది? వాడు చాయ్ కూడా తాగి పోయాడట.

రాత్రి పదింటికి వాడి మెసేజ్ వచ్చింది. తిట్టలేదు. ఒకటే ముక్క: "చెట్టు చూసినవా?"

నాకు ఇంజినీరింగ్‌లో ఇప్పటిదాకా ఎదురైన ప్రశ్నలన్నిట్లో అదే కష్టమైనది. చూశానంటే ఒక రకంగా నిజం, చూడలేదంటే ఇంకా పెద్ద నిజం. టైప్ చేసి, కొట్టేసి, చివరికి ఏమీ పంపలేదు. రెండు నీలం టిక్కులు మాత్రం వాడికి పోయాయి.

ఆ తర్వాత ఐదారు ఆదివారాలు ఎవరి పని వాళ్ళకుంది. డిస్‌ప్లేకి "షాపుల స్టాక్ లెక్క", స్వామికి పెళ్ళి, నాకు మిడ్ ఎగ్జామ్స్. గ్రూప్‌లో లెక్కలు ఒక్కడే అప్పుడప్పుడు పాత బాకీల ఫోటోలు పెట్టేవాడు. వాడికి అంతా తెలుసని నాకు తెలుసు. మీలో హాస్టల్లో ఉండేవాళ్ళకి ఇది చిన్న విషయంలా అనిపించొచ్చు. రూమ్‌మేట్‌తో గొడవైతే రాత్రికి మెస్‌లో ఎలాగూ ఎదురుపడతారు. మాకు ఆదివారం పోతే వారం మొత్తం పోయినట్టే.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం కాలేజ్ నుంచి వస్తూ నాంపల్లి మెట్రోలో దిగి నేరుగా జగదీష్ మార్కెట్‌కి పోయా. సాయంత్రం ఆరు, ఆ టైంలో అక్కడ మనిషి మీద మనిషి. ఫోన్ కవర్ల వేలాడే దండల కింద తల వంచుకుని పోవాలి. డిస్‌ప్లే కౌంటర్ వెనక లైటు కింద కూర్చుని, ఒక ఫోన్‌ని హీట్ గన్‌తో వేడి చేసి అంచు లేపుతున్నాడు. నన్ను చూశాడు, మళ్ళీ ఫోన్ చూశాడు.

"టెంపర్డ్ గ్లాస్ వెయ్" అన్నా.

నా ఫోన్ తీసుకుని తిప్పి చూశాడు. "ఉన్నది మంచిగనే ఉన్నది కద."

"అయినా వెయ్."

"నూటయాభై దండుగ. పో."

పోలేదు. వాడు పాత డిస్‌ప్లే తీసేసి, ఫ్రేమ్ మీద ఎండిన గమ్ గీకి, కొత్త డిస్‌ప్లే ముందు కనెక్టర్ పెట్టి వెలుగుతుందా లేదా చూసుకుని, అంచుల చుట్టూ బి-7000 గమ్ సన్నగా పూసి, అతికించి, రబ్బర్ బ్యాండ్లు వేశాడు. ఇరవై నిమిషాలు. ఎక్కడా చెయ్యి తొందర పడలేదు. నేను స్టూల్ మీద కూర్చుని చూశా. ఓనర్ నాకు కూడా చాయ్ చెప్పాడు.

రబ్బర్ బ్యాండ్ వేశాక వాడే మొదలుపెట్టాడు. "గోల్ఫ్ ఆడితే తప్పేమున్నది రా. పోతున్న అంటే పో అంటుంటిమి. వచ్చినంక ఎట్లుంటదో చెప్పు అంటుంటిమి."

"అవును."

"ల్యాబ్ అని ఎందుకన్నవ్ తెలుసా? ల్యాబ్ అంటే ఏందో నాకు తెల్వదని. తెల్వనోడు మళ్ళ అడగడని."

నాకు సమాధానం లేదు, ఎందుకంటే అది కరెక్ట్. జ్వరమని చెప్పొచ్చు, చుట్టాలొచ్చారని చెప్పొచ్చు. చెబితే ఇంటికి వచ్చి చూసేవాడు. వాడు అడుగు పెట్టలేని చోటు చూసుకుని అక్కడ నిలబడి అబద్ధం చెప్పా. నేను ఆ పని చేస్తున్నానని నాకే తెలియదు, వాడికి తెలిసింది.

"ఆ పుస్తకం పనికొచ్చిందా?" అన్నాడు.

"రాలేదు. చాలా పాతది. ఇప్పుడు ఎవరూ టర్బో సీ వాడరు."

వాడు నవ్వాడు. "ఎనభై రూపాయలు ఇయ్యి మరి." ఇచ్చా. తీసుకున్నాడు. అది తీసుకున్నందుకు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తీసుకోకపోయుంటే ఇప్పటికీ ఆ స్టూల్ మీదే ఉండేవాణ్ణి.

శ్రీశైలం ఆలోచన ఆ రాత్రి లెక్కలు పెట్టాడు. శ్రీశైలం మాకు ఎప్పుడూ కుదరకపోవడానికి కారణం దూరం ఒక్కటే కాదు. మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మొదలవుతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేసేస్తారు, బళ్ళని అడవిలోకి పోనివ్వరు. రాత్రి పూట జంతువులు రోడ్డు దాటుతాయి కదా. ఒక్క ఆదివారంలో పోయి రావాలంటే పొద్దున ఆరింటికి గేటు ఎత్తేసరికి అక్కడ ఉండాలి, రాత్రి తొమ్మిదిలోపు తిరిగి గేటు దాటాలి. మధ్యలో ఘాట్ రోడ్డు, దర్శనం లైను. నాలుగు వందల కిలోమీటర్ల పైనే, అదీ స్ప్లెండర్ మీద. రెండేళ్ళుగా ప్రతి ఎండాకాలం లెక్కలు టైం టేబుల్ వేయడం, స్వామి దాన్ని చూసి దండం పెట్టడం. ఈసారి ఎవరూ దండం పెట్టలేదు.

మే రెండో ఆదివారం, తెల్లవారుజామున రెండున్నరకి జీపీఓ ముందు కలిశాం. పుస్తకాలవాళ్ళు కూడా ఇంకా రాలేదు. నాకిప్పుడు లైసెన్స్ వచ్చింది కాబట్టి డిస్‌ప్లే వెనక కూర్చుని నన్ను నడపమన్నాడు. తుక్కుగూడ, కడ్తాల్, ఆమన్‌గల్, కల్వకుర్తి. ఊళ్ళన్నీ నిద్రలో ఉన్నాయి, కుక్కలు తప్ప. డిండి దగ్గర ఒక హోటల్ ముందు లైటు కనపడితే చాయ్‌కి ఆగాం. అక్కడ వాళ్ళకి హ్యాండిక్యాప్ సంగతి చెప్పా.

"అంటే చేతగానోనికి ముందుగాల మార్కులేసుడా? గ్రేస్ మార్కులు!" అన్నాడు స్వామి.

"మరి మనోళ్ళల్ల ఎవనికి ఎంత?" అన్నాడు డిస్‌ప్లే.

లెక్కలు నిజంగానే నోట్‌బుక్ తీశాడు. చాలా సేపు చర్చ జరిగింది. స్వామికి 20, లేటుగా లేస్తాడు కాబట్టి. లెక్కలుకి 10, పిసినారితనానికి. డిస్‌ప్లేకి సున్నా, వాడికేం తక్కువని. నాకు ఎంతనేది తేలలేదు. ఆ రోజు పెట్రోల్ నేను కొట్టించా. తొమ్మిదో తరగతి పిల్లాడికి పైథాన్ ట్యూషన్ చెప్తున్నా, నెలకి రెండు వేలొస్తాయి. డిస్‌ప్లే అభ్యంతరం చెప్పలేదు, "ఫుల్ ట్యాంక్" అన్నాడు పంపు అతనితో, గట్టిగా.

ఐదూ నలభైకి మన్ననూరు చేరాం. గేటు ముందు అప్పటికే కార్ల వరుస, ఒక ఆర్టీసీ బస్సు, ముందు వైపు మాలాంటి బళ్ళు పది పదిహేను. ఇంజిన్లన్నీ ఆపేసి ఉన్నాయి. అవతల చీకటి అడవి. సిటీలో వినపడని ఒక రకం చప్పుడు, పిట్టలో పురుగులో. స్వామి, లెక్కలు కాళ్ళు చాపుకోవడానికి ముందుకి నడిచారు. డిస్‌ప్లే బండి ట్యాంక్ మీద తల పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"చెట్టు చూడలేదు రా" అన్నా. "దూరం నుంచి కనపడింది. పోలేదు."

"తెలుసు. చూస్తే ఫోటో పంపుతుంటివి."

"ఇంకోటుంది. ఎప్పుడైనా వచ్చావా ఇక్కడికి అని వాడు అడిగిండు. లేదన్నా."

వాడు కళ్ళు తెరిచాడు, తల మాత్రం ఎత్తలేదు. చాలా సేపు ఏమీ అనలేదు. బస్సులోంచి ఒక పసిపాప ఏడుపు వినిపించింది, మళ్ళీ ఆగిపోయింది.

"అంటే ఆ రోజు నువ్వు రాలే. మేం ముగ్గురమే పట్టుకున్నమన్నట్టు" అన్నాడు చివరికి. "అందుకే అందలే."

నేనేదో అనబోయేలోపు ముందు బళ్ళ దగ్గర కదలిక మొదలైంది. ఆరైంది, గేటు లేపుతున్నారు. స్వామి, లెక్కలు పరిగెత్తుకుంటూ వచ్చారు. అన్ని బళ్ళూ స్టార్ట్ అయ్యాయి, మా స్ప్లెండర్ కాలేదు. వెనకాల బస్సు హారన్ కొడుతోంది. డిస్‌ప్లే దిగి, "క్లచ్ పట్టుకో, నేను తోస్త" అన్నాడు.